చదువు కోసం వంగిన పిల్ల

నా చిన్నప్పుడు, ఆరో తరగతి చదివే రోజుల్లో, ఒక వారం పాటు నేను వంకర పిల్లనని మా వాడకట్టంతా నమ్మింది. నేనూ నమ్మాను. పొద్దున చక్కగా నడుచుకుంటూ బడికి పోయిన నన్ను, మర్నాటి సాయంత్రానికల్లా ఒక ఇంగ్లీషు మాట వంకర చేసి, ఆ తర్వాతి రోజు రాట్నం ముందు కూర్చోబెట్టింది. ఆ మాట బెంట్. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను, ఇప్పుడు దాని మీదే పింఛను తింటున్నాను. అయినా ఆ భాషలో నాకు దగ్గరి చుట్టం ఎవరని అడిగితే ఆ ఒక్క మాటనే చూపిస్తాను.

మాది చిట్యాల నుంచి లోపలికి నడిస్తే గంట దూరంలో ఉన్న నేతపని ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవి. ఒకటి మా తాతది, ఒకటి మా బాపుది. రెండూ పక్కపక్కనే, తండ్రీ కొడుకులు ఒకరికొకరు వీపు తిప్పి కూర్చునేట్టు ఉండేవి. మా అవ్వ రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టేది. అమ్మ వంటింటికీ రంగు నీళ్ళ గోళేనికీ మధ్య తిరుగుతూ ఉండేది. మా వాడకట్టులో ఆడపిల్లలు ఐదో తరగతి కాగానే రాట్నం దగ్గర చేరేవాళ్ళు. నన్ను ఆరుకు పంపడమే వింత. పంపింది బాపు ముచ్చటపడి కాదు, తాత మాట కాదనలేక.

ఆ ఏడే మా బడికి కొత్తగా ఇంగ్లీషు టీచరమ్మ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చిట్యాల నుంచి రోజూ నడిచో, ఎవరి బండో ఎక్కో వచ్చేది. వాళ్ళ అమ్మానాన్నలు కూలికి పోయి ఆమెను చదివించారని, ఆదివారం చర్చిలో ఆమె పాడితే బయట పోయేవాళ్ళు కూడా నిలబడి వింటారని పిల్లలు చెప్పుకునేవాళ్ళు. అప్పట్లో ఆరులోనే ఏబీసీడీలు మొదలు. నాకు ఆ అక్షరాలంటే పిచ్చి పట్టింది. అగ్గిపెట్టె మీద, కిరోసిన్ డబ్బా మీద, బస్సు మీద ఎక్కడ ఇంగ్లీషు కనబడితే అక్కడ నిలబడిపోయేదాన్ని. అర్థం తెలియకపోయినా కూడబలుక్కునేదాన్ని.

మొదటి పరీక్షలు అయ్యాక ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. మార్కుల కింద ఒక ఖాళీ గీత ఉండేది. ఆ గీత మీద ఏమైనా రాస్తారని మాకెవరికీ తెలియదు, అంతకుముందు ఎవరూ రాయలేదు. టీచరమ్మ నా కార్డు మీద ఎర్ర సిరాతో ఆ గీత నిండా ఒక వాక్యం రాసి, "ఇంట్ల చూపియ్యి బిడ్డా" అని నవ్వింది. షి హాజ్ ఎ బెంట్ ఫర్ లెర్నింగ్. నేను కూడబలుక్కుంటూ దారి పొడుగునా చదివాను గానీ ఒక్క మాటా తెలియలేదు.

బాపు కార్డు అందుకుని మార్కులు చూడలేదు. ఎర్ర సిరా చూశాడు. ఎర్ర సిరాతో రాశారంటే తప్పేదో ఉన్నట్టే అని ఆయన లెక్క. మర్నాడు బడి మాన్పించాడు. నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పక్క ఊరి దవాఖానకు తీసుకుపోయాడు. జ్వరమొచ్చి కాదు. మా బాపు ఎరిగిన మనుషుల్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఆ దవాఖాన కంపౌండరు ఒక్కడే.

కంపౌండరు మంచివాడు. చేతిలో పని పక్కన పెట్టి, అద్దాలు తుడుచుకుని, కార్డును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివాడు. చదువుతుంటే అతని మొహం మారిపోయింది.

"బెంట్ అంటే వంగుడు, వంకరపోవుడు. మా దగ్గర సూది వంగిందనుకో, బెంట్ అని రాసి అవుతల పడేస్తం" అన్నాడు.

"మరి మిగతది?"

"ఫర్ అంటే కోసం. లెర్నింగ్ అంటే సదువు. సదువు కోసం పిల్ల వంగిపోయింది అని. జర ఎన్నుపూస చూపించు పటేలా, ముదిరితె కష్టం."

బెంట్‌కు ముందున్న ఆ రెండు చిన్న మాటలు ఏమిటని బాపు వేలు పెట్టి అడిగితే, అవి ఇంగ్లీషోళ్ళు ఊరికే పెట్టుకుంటారని చెప్పాడు. పోయేటప్పుడు నొప్పుల మందు ఒక సీసా చేతిలో పెట్టాడు. పైసలు తీసుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి నా కంటే ముందే కబురు వచ్చేసింది. దారిలో కనబడ్డ నలుగురికి బాపు చెప్పాడు, ఆ నలుగురి సైకిళ్ళు మా సైకిలు కంటే జోరుగా నడిచాయి. అవ్వ నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది. పక్కింటి అక్క వచ్చి చూసి కుడి భుజం కిందికి ఉందంది. ఎదురింటి పెద్దమ్మ కాదు, ఎడమ భుజం అంది. ఇద్దరూ కాసేపు వాదించుకుని చివరికి నడుము దగ్గర అని ఒప్పందానికి వచ్చారు. ఇంకొకావిడ, ఈ పిల్ల పుట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది అని అవ్వను ఓదార్చింది. ఆముదం కాచి నడుముకు రుద్దారు. తలకింద మెత్త తీసేశారు. ఒక మాట అంటూ ముందు ఉంటే, దానికి తగ్గ వంకర మనిషిలో ఎక్కడో అక్కడ దొరుకుతుందని ఆ రోజు చూశాను. చీకటి పడేలోగా నేను నిజంగానే ఒక పక్కకు ఒరిగి నడుస్తున్నాను.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వు రానిది ఒకటి ఉంది. అన్నం తిన్నాక బాపు నా వైపు చూడకుండా అమ్మతో అన్నాడు.

"రేపటి సంది బడి బంద్. వంగి వంగి రాసుడుతోనే గిట్లయింది. టీచరమ్మనే రాసిచ్చింది గదా, ఇంకెవలు చెప్పాలె."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏడ్చి సాధించుకునేదాన్ని. ఆయన గొంతులో భయం ఉంది, ఉన్న ఒక్క బిడ్డకు ఏమవుతుందోనని. ఆ భయం ముందు నా ఏడుపు చెల్లదని అంత చిన్న వయసులోనూ నాకు తెలిసిపోయింది. పుస్తకాల సంచిని అమ్మ అటక మీద పెట్టింది. కార్డును దేవుడి పటం వెనక దోపింది, దవాఖాన కాగితాలన్నీ అక్కడే ఉండేవి.

మర్నాటి నుంచి అవ్వ పక్కన రాట్నం. రాట్నం తిప్పాలన్నా వంగే కూర్చోవాలి. పుస్తకం ముందు వంగితే పోయే నడుము రాట్నం ముందు వంగితే ఎందుకు పోదో ఎవరూ అడగలేదు. నాకు తట్టింది గానీ చెప్పే ధైర్యం లేకపోయింది. కండె మార్చే సందులో పక్కనున్న నీళ్ళ గిన్నెలో వేలు ముంచి బండ మీద ఇంగ్లీషు అక్షరాలు రాసేదాన్ని. ఆరిపోయేవి. మళ్ళీ రాసేదాన్ని.

మా తాత ఆ వారమంతా ఏమీ అనలేదు. నా నడుము చూడటానికి కూడా రాలేదు. ఆయనది నెమ్మది మనిషి తీరు, పోగు తెగినా తిట్టడు, వెతికి పట్టుకుని ముడి వేసుకుంటాడు. శనివారం మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి లేచి, బండ మీద ఆరిపోతున్న నా అక్షరాల దగ్గర నిలబడ్డాడు. అవి మొత్తం ఆరిపోయే దాకా చూసి, కార్డు మీద ఏమేం రాసి ఉందో వరుసగా చెప్పమన్నాడు. నేను చెప్పాను.

"కంపౌండరు బెంట్ ఒక్కటే చూసిండా, దాని పక్కన ఉన్నవి కూడ చూసిండా?"

పక్కవి ఊరికే ఉంటాయట అన్నాను. తాత నవ్వాడు.

"ఒక్క పోగు పట్టుకొని చీరె ఎట్లుందో చెప్పొస్తదా బిడ్డా? పక్క పోగు చూడాలె గద."

మర్నాడు ఆదివారం. రంగు కొనాలని ఇంట్లో చెప్పి, కార్డును పటం వెనక నుంచి తీసి బొడ్లో దోపుకుని, నా వేలు పట్టుకుని చిట్యాల నడిపించాడు. దారిలో నేను ఒరిగి నడుస్తుంటే నన్ను ఏమీ అనకుండా తాను కూడా అటే ఒరిగి నడిచాడు. కొంచెం దూరం పోయేసరికి నాకు సిగ్గేసి చక్కగా అయ్యాను. ఆయనా అయ్యాడు.

టీచరమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. రెండు గదుల ఇల్లు, ముందు నులక మంచం. వాళ్ళ నాన్న గబగబా లేచి పక్కకు నిలబడ్డాడు. తాత ఆయన్ని కూర్చోమని, తాను పక్కన కూర్చుని, ముందుగా మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆ రోజుల్లో మా వాడకట్టు మనిషి ఆ ఇంట్లో నీళ్ళు అడిగి తాగడం ఎంత పెద్ద సంగతో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఎండకు దాహమైంది కాబోలు అనుకున్నాను.

సంగతి విని టీచరమ్మ నెత్తి పట్టుకుంది. "అయ్యో తాతా, నేను మెచ్చుకొని రాసిన. వారం సంది బడికి ఎందుకు వస్తలేదో అనుకుంటున్న."

ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, కార్డును ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టి చెప్పింది. నాకు జీవితంలో మొదటి ఇంగ్లీషు పాఠం అదే అనుకుంటాను. వంగిపోయింది అని చెప్పాలంటే షి ఈజ్ బెంట్ అని రాయాలట. ఆమె రాసింది హాజ్. హాజ్ అంటే ఉన్నది. ఆ పక్కన ఎ ఉంది, అంటే ఒకటి. పిల్ల దగ్గర ఒకటి ఉన్నది అని అర్థం, పిల్లకు ఏదో అయిందని కాదు. ఆ తర్వాత ఫర్ వస్తే, ఆ మనసు దేని దిక్కు పోతుందో అది చెప్పినట్టు. అదే ఆన్ వచ్చిందనుకో, పట్టిన పట్టు విడవకుండా కూర్చున్నాడని అర్థం. ఒకటే మాట, పక్కన ఎవరు నిలబడితే వాళ్ళ తీరు అవుతుంది.

"ఆ ఉన్నది ఏంది బిడ్డా? తెలుగుల చెప్పు" అన్నాడు తాత.

అక్కడ టీచరమ్మ ఆగిపోయింది. అలవాటు అంది, కాదని తలూపుకుంది. ఇష్టం అంది, అదీ చాలదంది. తెలివి అంటే అసలే కాదంది. తెలివి ఉన్నా మనసు పోకపోవచ్చునట. "నాకే మాట దొరుకుతలేదు తాతా. ఒగలు చెప్పకముందే పానం దాని దిక్కు పోతది చూడు, గది."

"పుట్టంగనే ఉండేదా, నేర్పితే వచ్చేదా?"

"పుట్టంగనే ఉండేది."

తాత కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "వాటం అంటరా దాన్ని?"

టీచరమ్మ మొహం వెలిగింది. లోపలికి పోయి నోటు పుస్తకం తెచ్చి ఆ మాట రాసుకుంది. మా తాతకు సంతకం రాదు. ఇంగ్లీషు టీచరు ఆయన దగ్గర ఒక మాట నేర్చుకుని రాసుకుంటుంటే, ఆయన ఏమీ ఎరగనట్టు గడప వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను పోయి ఆయనకు ఆనుకుని కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు, ఇంట్లో ఏమీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నాకు అర్థం కాలేదు. పరుగెత్తుకుపోయి బాపుతో చెప్పేస్తే అయిపోయేదానికి ఎందుకీ గుట్టు అనుకున్నాను.

"నోటితోని చెప్తె నీ బాపుకు ఎక్కది. ఊరంత చెప్పుకున్నడాయె, ఇప్పుడు కాదంటె వాని మాట పోయినట్లయితది. వానికి చేతులతోని చెప్పాలె" అన్నాడు.

ఇక్కడ మా బాపు గురించి ఒక ముక్క చెప్పాలి. ఆయనది పుర్రచెయ్యి. అంటే అందరూ కుడిచేత్తో చేసే పనులు ఆయన ఎడమచేత్తో చేస్తాడు. తినే చెయ్యి ఒక్కటి మాత్రం అవ్వ పట్టుబట్టి మార్పించింది. మగ్గం మీద అడ్డపోగును మోసే నాడెను అటూ ఇటూ విసరడానికి పైనుంచి ఒక తాడు వేలాడుతుంది, దాని చివర చెక్క పిడి ఉంటుంది. అందరి మగ్గాలకూ అది కుడిచేతికి అందేట్టు ఉంటే, బాపు మగ్గానికి ఎడమచేతికి అందేట్టు ఉండేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి నాకది వింతగా తోచలేదు. తలుపులు కొన్ని ఇటు తెరుచుకుంటాయి, కొన్ని అటు తెరుచుకుంటాయి, మగ్గాలూ అంతే కాబోలు అనుకునేదాన్ని.

సోమవారం పొద్దున బాపు స్నానానికి పోయినప్పుడు తాత లేచి, ఆయన మగ్గం తాడు విప్పి, కుడి పక్కకు మార్చి కట్టాడు. తన మగ్గంలో దిగి ఏమీ ఎరగనట్టు నేసుకోసాగాడు. బాపు వచ్చి గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. అలవాటుగా ఎడమచెయ్యి చాపాడు. అక్కడ ఏమీ లేదు. చెయ్యి గాలిలో అట్లాగే ఉండిపోయింది. అటూ ఇటూ చూసి, కుడిచేత్తో పిడి పట్టుకుని లాగాడు. నాడె సగం దూరం పోయి ఆగింది. మళ్ళీ లాగితే ఎగిరి గుంటలో పడింది. మూడోసారికి రెండు పోగులు తెగాయి.

"నా మొగ్గం ఎవలు ముట్టిండ్రు?"

అవ్వ రాట్నం ఆగిపోయింది. తాత మాత్రం వెనక్కి తిరగలేదు, నేస్తూనే చెప్పాడు.

"నేనే. నీ మొగ్గం వంకరగున్నదని సక్కగ చేసిన. ఊల్లె అందరియి ఎట్లున్నయో గట్ల."

"గట్లుంటె నేనెట్ల నేస్తనే నాయినా?"

అప్పుడు తాత చేతులు ఆపాడు. రెండు మగ్గాల చప్పుడూ ఆగిపోయిన ఆ ఇల్లు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన నెమ్మదిగానే మాట్లాడాడు.

"నువ్వు చిన్నగున్నప్పుడు నీ చెయ్యి వంకర అని వాడకట్టంత అన్నది. కట్టెయ్యమన్నరు, వాతలు పెట్టమన్నరు. నేను నీ చెయ్యి మార్చలే. మొగ్గం మార్చిన. నీది వంకర కాదు, వాటం. గీ పిల్లకు సదువు దిక్కు వాటమున్నదని టీచరమ్మ రాసింది. నేను పోయి అడిగొచ్చిన. కంపౌండరుకు వాటం సంగతి ఏం తెలుస్తది, ఆయన ఎరిగింది సూది."

బాపు గుంటలోంచి లేచాడు. తాడు విప్పి మళ్ళీ ఎడమ పక్కకు కట్టుకున్నాడు. తెగిన పోగులు అతుక్కుని నేయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా నాడె ఆపలేదు. నేను రాట్నం తిప్పుతూ ఆయన వీపు వైపే చూస్తున్నాను. ఒప్పుకున్నాడో, కోపం వచ్చిందో, నేను రేపు బడికి పోతానో లేదో ఆ వీపు మీద ఏమీ తెలియడం లేదు. నాకు ఆ పూట గడిచినంత మెల్లగా ఇంకే పూటా గడవలేదు.

అన్నం తిన్నాక ఆయన మగ్గం దగ్గరికి పోలేదు. పెరట్లో పడి ఉన్న పాత మగ్గం చెక్క ఒకటి తీసి, రంపం అడిగి తెచ్చుకుని పనిలో పడ్డాడు. కోశాడు, చెక్కాడు, గరుకు కాగితంతో రుద్దాడు. పొద్దు వాలేసరికి వెనక ఎత్తుగా, ముందు పల్లంగా ఒక చిన్న రాతబల్ల తయారైంది. పెన్సిలు జారిపోకుండా పై అంచున ఒక గాడి కూడా తీశాడు. దాన్ని నా ముందు పెట్టాడు.

"గిప్పుడు వంగకుండ రాసుకో" అన్నాడు. అటక మీది నుంచి సంచి తానే దించాడు.

మా బాపు తప్పయిందని నోటితో అన్నది నేను ఎన్నడూ వినలేదు. ఆయన తప్పయిందంటే ఇట్లా ఉంటుంది. మర్నాడు సైకిలు మీద బడికి దింపి, టీచరమ్మ మొహంలోకి చూడలేక నేల వైపు చూస్తూ, వారం పాఠాలు పోయినయి, జర చెప్పుండ్రి అని అడిగి వెళ్ళిపోయాడు.

బల్ల మీద రాయడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. పెన్సిలు గాడి ఎడమ పక్కన ఉంది. నేను రాసేది కుడిచేత్తో. పెన్సిలు కావాలంటే ప్రతిసారీ పుస్తకం మీదుగా చెయ్యి అటు చాపాల్సిందే. ఈ సంగతి చెప్పబోతే తాత కళ్ళతోనే వద్దన్నాడు. బాపు తన చేతికి ఏది చక్కన అనిపించిందో అదే చేశాడు, అంతకంటే చక్కన ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆ బల్ల మీదే పది దాటాను, ఆ బల్ల మీదే డిగ్రీ దాటాను. టీచరునయ్యాక పిల్లల కార్డుల మీద ఆ గీతను ఎన్నడూ ఖాళీగా వదల్లేదు. ఇంగ్లీషులో రాస్తే ఏమవుతుందో ఎరిగినదాన్ని కాబట్టి తెలుగులోనే రాసేదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో కోస్గిలో పని చేస్తున్నప్పుడు, ఎప్పుడూ పుస్తకం అంచుల మీద బొమ్మలు గీసే ఒక అమ్మాయి కార్డు మీద, ఈ పిల్ల చేతిలో మంచి వాటం ఉంది అని రాశాను. మర్నాడు వాళ్ళమ్మ కంది చేను పని వదిలేసి ఏడుస్తూ వచ్చింది. "నా బిడ్డది చేతివాటమా మేడం? ఏం దొంగతనం చేసింది?" అంది. తెలుగులో రాసినా గండం తప్పలేదు. ఆమెను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, బొమ్మలన్నీ ముందు పరిచి, పక్క పోగులతో సహా చెప్పి పంపించాను. పోయేటప్పుడు ఒక బొమ్మ అడిగి తీసుకుపోయింది.

ఇప్పుడు జడ్చర్లలో మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. మొన్న మనవరాలి బడి నుంచి ఫోన్లో ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వచ్చింది. దాన్ని ఆ ఫోనే తెలుగులోకి మార్చి, మీ అమ్మాయి సైన్స్ కోసం వంగి ఉంది అని చూపించింది. మా బిడ్డ కంగారుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. మా కంపౌండరు మళ్ళీ ఫోన్లో పుట్టాడని నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

మనవరాలిని పిలిచి, నీకు వాటం ఉందని రాశారమ్మా అని చెప్పి, ఆ రాతబల్ల దాని ముందు పెట్టాను. దాని మీద రాసుకుంటూ కాసేపటికి అది తల ఎత్తింది.

"అమ్మమ్మా, పెన్ను పెట్టే జాగ రాంగ్ సైడ్ చేసిండ్రు. మార్పిద్దామా?"

వద్దన్నాను. దాని పెన్ను తీసి ఆ గాడిలోనే పెట్టాను. తాత పోయాడు, బాపు పోయాడు, ఆ మగ్గాలు ఇప్పుడు లేవు. కానీ ఏ ఊళ్ళో, ఏ బల్ల దగ్గర కూర్చున్నా నా కుడిచెయ్యి పెన్ను కోసం ముందు ఎడమ పక్కకే పోతుంది. అక్కడ గాడి ఉండదు, పెన్ను ఉండదు, అయినా పోతుంది. అది నేను పుట్టుకతో తెచ్చుకున్న వాటం కాదు. మా బాపుది.